ఆకు రాలకముందే



మన ఇండ్లలో మసాలాకు వాడు రాతిపువ్వును మీరెరుగుదురు. రాళ్లమీదను చెట్ల బెరడుమీదను పెరుగు ఆ జాతికి శాస్త్రజ్ఞులు లైకెన్లు అని పేరు పెట్టిరి. అవి ఆకులమీద కూడ కాపురముండునని 2022వ సంవత్సరము వరకు నేనెరుగను.

ఆ యేడు అక్టోబరులో సేవకుల కూడికకై కేరళలోని వయనాడు కొండలకు వెళ్లితిని. ఒక సాయంకాలము వాగు ప్రక్కన నడచుచుండగా ఒక చెట్టు ఆకుల నిండ బూడిదరంగు చుక్కలు, తెల్లని చుక్కలు కనబడెను. “పాపము, ఈ చెట్టుకు తెగులు పట్టినది” అంటిని. మాతోనున్న వృక్షశాస్త్రపు ఉపాధ్యాయుడొకరు నవ్వి, తన భూతద్దమును నా చేతికిచ్చిరి. చూచితిని గదా, ఏ చుక్కకు ఆ చుక్కయే వేరు! ఒకదానికి అంచున తెల్లని గీత. మరొకదాని నడుమ ఆవగింజకన్న చిన్నవైన నల్లని బొడిపెలు. “అయ్యగారూ, ఇది తెగులు కాదు. ఈ ఒక్క ఆకే ఒక ఊరు” అనిరి.

ఆయన చెప్పిన సంగతులివి. లైకెను ఒక్క ప్రాణి కాదు. బూజు జాతి ప్రాణియు, నాచు జాతి ప్రాణియు కలిసి చేయు కాపురమది. బూజు ఇల్లు కట్టి తేమను నిలుపును. నాచు సూర్యుని వెలుగుతో ఆహారము వండును. 1867లో ష్వెండెనెర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఈ మాట చెప్పినప్పుడు ఆనాటి పండితులలో పలువురు అంగీకరింపలేదు. ఆకుమీది లైకెన్లలో చాలమట్టుకు ఆకు రసమును త్రాగవు. మైనమువంటి పైపొరమీద అద్దెకున్నవారివలె ఉండును. ఎక్కువ తేమగల ఉష్ణదేశపు అడవులలో ఒక్క ఆకుమీదనే పదులకొలది రకములు కనబడునట. లోకమంతట ఇట్టివి 800 రకములకు పైగా తెలియవచ్చినవి.

వాటిని గుర్తించిన విధము కూడ వినదగినది. పూర్వము అడవులకు పోయినవారు చెట్ల కొరకే ఆకులను సేకరించి, ఎండబెట్టి, కాగితముల నడుమ భద్రపరచిరి. ఆ ఆకులతోకూడ ఈ చుక్కలును వచ్చినవి. స్వీడను దేశస్థుడైన రోల్ఫ్ సాంటెసన్ అట్టి ఆకులను ఓపికతో పరీక్షించి, 1952లో వీటినిగూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఎవరును లెక్కచేయని చుక్కలకు అప్పుడు పేర్లు కుదిరినవి.

అయితే నన్ను నిలువబెట్టిన మాట వేరొకటి. రాతిమీది లైకెనుకు తొందర లేదు. అది మిక్కిలి మెల్లగా పెరుగును. కొన్ని వందల యేండ్లు బ్రదుకును. ఆకుమీదిదానికి అట్టి భాగ్యము లేదు. నిత్యము పచ్చగానుండు చెట్ల ఆకులును కొద్ది యేండ్లకే రాలిపోవును. ఆకు రాలకముందే అది అంటుకొని, పెరిగి, తన బీజములను గాలికిని వానకును అప్పగింపవలెను. బూజు బీజము ఒంటరిగా పోయినయెడల క్రొత్త చోట తన జతగాడైన నాచును వెదకుకొనవలెను. అందుచేత కొన్ని లైకెన్లు తమ ఇద్దరి అంశమును చిన్న మూటగా కట్టి పంపును.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక తల్లి జ్ఞాపకము వచ్చెను.

మా సంఘములలో కాపరికి మూడు నాలుగేండ్లకొకసారి బదిలీ అగును. “ఇంత కొద్దికాలములో ఏమి కట్టగలను?” అని నేను లోలోపల సణుగుకొనుచుంటిని. 2011లో నేనున్న గ్రామమున ఒక వృద్ధ విధవరాలు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నాకు అక్షరాలు నేర్పించండి. నా బైబిలు నేనే చదువుకోవాలని ఉంది” అని అడిగెను. నేను బదిలీ కావలసిన దినము అప్పటికి పదునాలుగు నెలల దూరములో నున్నది. “రాబోవు అయ్యగారితో మొదలుపెట్టుదువులేమ్మా” అంటిని. ఆమె మారుమాటాడక వెళ్లిపోయెను. 2014లో ఆమె భూస్థాపనకు వెళ్లినప్పుడు, పాత చీర ముక్కలో చుట్టిన ఆ బైబిలు ఆమె తలాపున ఉండెను. మనుమలు చదివిపెట్టగా వినుటయే గాని, తాను ఒక్క మాటయు చదువకుండ ఆమె గతించెను. పదునాలుగు నెలలు! అక్షరములు నేర్చుటకు అవి చాలవా?

వయనాడునుండి తిరిగివచ్చిన తరువాత, 2023 జనవరిలో, ఇప్పుడున్న గ్రామమున ముగ్గురు స్త్రీలతో రాత్రిబడి మొదలుపెట్టితిని. కూలిపని చేసి అలసి వచ్చి, పలకమీద తలవంచి కునుకుచునే నేర్చుకొనిరి. వారిలో ఒకామె ఇప్పుడు వ్రేలు క్రింద పెట్టుకొని ఒక్కొక్క మాటగా సువార్త చదువుచున్నది. అంతేకాదు, తన తోడికోడలికి తానే అక్షరములు దిద్దించుచున్నది. ఆ పని నేను చెప్పినది కాదు. రానున్న మే నెలలో నాకు బదిలీ రావచ్చును. రానిండు.

సహోదరీ సహోదరులారా, యెషయా ప్రవక్త మనలను వాడిపోవు ఆకుతో పోల్చెను. ఆ పోలిక విని మనము దిగులుపడుదుము. కాని అట్టి ఆకునే ఇల్లుగా చేసికొని, ఫలించి, ముందుకు సాగు ప్రాణిని దేవుడు కలుగజేసెను. కౌలుకు తీసికొన్న పొలమని కలుపు తీయక మానెదరా? అత్తవారింటికి పోవలసిన పిల్ల అని ప్రార్థన నేర్పక మానెదరా? నాటువాడొకడు, నీరు పోయువాడు వేరొకడు అయినను పంట దేవునిదేయని పౌలు కొరింథు సంఘమునకు తెలిపెను.

మీయొద్దకు వచ్చి ఏదైన అడిగినవారు ఎవరైన ఉన్నారా? “తరువాత చూతము” అని మీరు పంపివేసితిరా? ఈ వారమే వారి ఇంటికి వెళ్లుడి. ఆ తల్లి ఇంటికి నేను మరల వెళ్లలేను.

ప్రభువా, నీవిచ్చిన కొద్ది దినములను చిన్నచూపు చూచిన మమ్మును క్షమించుము. ఆకు రాలకముందే మాచేత నీ పని చేయించుము. ఆమేన్.