శనివారం ఎక్కితే సోమవారం దిగాను

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి గాల్లో సుమారు 14 వేల కిలోమీటర్లు. మధ్యలో ఆగకపోయినా 17 గంటల పైమాటే. మ్యాప్‌లో చూస్తే పసిఫిక్ మీదుగా అడ్డంగా వెళ్లాలనిపిస్తుంది కదా? గ్లోబు మీద దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం వైపు పోతుంది! 2021 జనవరిలో ఈ రూట్లో మొదటి డైరెక్ట్ విమానాన్ని మహిళా పైలట్లే ధ్రువం మీదుగా తెచ్చారు.

నేను ఎక్కింది కూడా ఓ జనవరిలోనే. అనంతపురంలో నాన్నకి గుండె ఆపరేషన్, సోమవారం పొద్దున తొమ్మిదింటికి. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి బయల్దేరా. ప్రయాణం పదిహేడున్నర గంటలు, దానికి టైమ్ తేడా ఇంకో పదమూడున్నర. దిగేసరికి సోమవారం తెల్లవారుజామున మూడున్నర! ప్రతి ఆదివారం నాన్నతో వీడియో కాల్ మాట్లాడేవాణ్ణి. ఆ ఆదివారం మాత్రం ఆకాశంలోనే అయిపోయింది.

ఇమిగ్రేషన్, బ్యాగులు, కారులో మూడు గంటలు. ఎనిమిదింపావుకి ఆస్పత్రిలో ఉన్నా. స్ట్రెచర్ మీద నుంచే నాన్న, “వస్తివా నాయనా? ఏమన్నా తింటివా?” అన్నాడు.

ఇంటికి అర్జెంటుగా వెళ్లాల్సి వస్తే టికెట్ మీద గంటలు కాదు ఫ్రెండ్స్, దిగే తేదీ చూడండి.