మైదా ముద్ద, వెయ్యి బీడీలు

చిన్నపిల్లలు ఆడుకునే రంగు పిండిని ఇంట్లోనే చేసుకోవడం ఎలాగో చెబుదామని మొదలుపెట్టాను గానీ, ఇది ఎటెటో పోయేట్టుంది. సర్లెండి, ముందు పిండి సంగతి చెప్పేస్తా. మిగతాది ఓపికున్నవాళ్ళు చదవండి.

2020లో లాక్‌డౌన్ పెట్టగానే అందరిలాగే మేమూ హైదరాబాద్ నుంచి ఊరికి చేరాం. ఊరంటే కోరుట్ల. మా ఇంట్లో నెట్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. అందుకని ముఖ్యమైన పని ఉన్న రోజుల్లో పాతిక కిలోమీటర్లు బండి మీద పోయి జగిత్యాలలో మా అక్క వాళ్ళ మేడ గదిలో కూర్చునేవాణ్ణి. మిగతా రోజులు కోరుట్లలోనే, వేపచెట్టు కింద ఫోన్ పెట్టి దాని సిగ్నల్‌తో నెట్టుకొచ్చేవాణ్ణి. మా ఆవిడది సిరిసిల్ల. అటు వాళ్ళ ఇల్లు, ఇటు మా ఇల్లు, మధ్యలో జగిత్యాల... మా సంసారం అప్పట్లో ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగింది.

మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. అసలు సమస్య తనతోనే వచ్చింది. మా అమ్మ బీడీలు చేస్తుంది. లాక్‌డౌన్‌లో ఆగిన పని సడలింపులు రాగానే మళ్ళీ మొదలైంది. వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూర్చుంటే, పాప వచ్చి పక్కనే కూర్చునేది. తడిపిన తునికాకు కావాలి, కత్తెర కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా చేటలో పోసిన తంబాకు కావాలి. ఒకసారి గుప్పెడు తీసి ముక్కు దాకా తెచ్చింది కూడా. తంబాకు దుమ్ము పిల్లలకు మంచిది కాదని చెబితే నాలుగేళ్ళ పిల్ల వింటుందా?

"దీనికి ఏదన్నొకటి చేతులల్ల వెట్టురా, లేకుంటే నా పని సాగది" అంది అమ్మ.

ఆన్‌లైన్‌లో తెప్పిద్దామంటే అప్పుడు అవసరమైన సరుకులు తప్ప ఏవీ సరిగ్గా రావట్లేదు. సరే, మనం ఇంజనీర్లం కదా, మనమే చేద్దాం అనుకున్నా. మైదా, నీళ్ళు, కాస్త పసుపు కలిపి ముద్ద చేసిచ్చా. పాప సంబరపడిపోయింది. మూడో రోజు డబ్బా మూత తీస్తే పుల్లటి కంపు, పైన బూజు, చుట్టూ చీమలు. మొదటి రిలీజ్ అలా పోయింది :)

అప్పుడు కాస్త చదివా. ఇందులో ఉప్పుకు చాలా పెద్ద పాత్ర ఉంది. మైదాలో సగం ఉప్పు వెయ్యాలి. అంత ఉప్పుంటే పిండిలోని నీరు సూక్ష్మజీవులకు అందదు కాబట్టి ముద్ద తొందరగా పాడవదు. మన ఆవకాయ లెక్కే అన్నమాట. పైగా ఒకసారి నోట్లో పెట్టుకున్న పిల్ల రెండోసారి పెట్టదు. కాకపోతే ఇదే ప్రమాదం కూడా. ఆ ఉప్పు ఎక్కువగా కడుపులోకి పోతే చిన్నపిల్లలకు, ఇంట్లో కుక్క ఉంటే దానికీ నిజంగా ముప్పే. కాబట్టి ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది వద్దు, పెద్ద పిల్లలకైనా ఎవరో ఒకరు పక్కన ఉండాలి. గోధుమ పడని పిల్లలకు మైదా బదులు బియ్యప్పిండి వాడాలి.

నేను చూసిన కొలతల్లో క్రీమ్ ఆఫ్ టార్టార్ అని ఒకటుంది. కిరాణా కొట్టులో అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి కస్టర్డ్ పౌడర్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి, అది కూడా తెల్లపొడే కదా అని వంటసోడా వేశా. చూస్తుండగానే పసుపు ముద్ద ఎర్రబడింది! నేను కంగారుపడుతుంటే అమ్మ పడీపడీ నవ్వింది.

"పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది గదరా. గంత సదువు సదివినవ్, గిది తెల్వదా?"

నిజమే. సోడా, సున్నం రెండూ క్షారాలే. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఏమో ఆమ్లం, ద్రాక్షసారా తయారీలో మిగిలేది. అంటే నేను సరిగ్గా తలకిందులు చేశానన్నమాట. నిమ్మకాయ పిండితే ముద్ద మళ్ళీ పసుపు రంగుకొచ్చింది. పాపకు అది ఇంద్రజాలంలా అనిపించి ఆ పూటకు మూడు నిమ్మకాయలు ఖర్చయ్యాయి.

అయినా ముద్ద చేతికి అంటుకుంటూనే ఉంది. చివరికి అమ్మే లేచింది. "జొన్నరొట్టెకు ఉడుకునీళ్ళు పోస్తం సూడు, అట్ల జెయ్యాలె" అని గిన్నె పొయ్యి మీద పెట్టింది. జొన్నపిండికి గోధుమలాగా సాగే గుణం లేదు. వేడినీళ్ళతో కలిపితేనే అందులోని గంజి పదార్థం ఉబ్బి, జిగురొచ్చి, రొట్టె విరగకుండా వస్తుంది. మైదాతో చేసే ఈ ముద్దకూ అదే కిటుకు. అమ్మ చేసిన కొలత ఇదీ:

ఒక గ్లాసు మైదా, అర గ్లాసు ఉప్పు, ఒక గ్లాసు నీళ్ళు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం. ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద కలుపుతూనే ఉండాలి. ముద్ద గిన్నెను వదలగానే దించి, చల్లారాక మెత్తగా పిసకాలి. పచ్చదనానికి పసుపు, గులాబీ రంగుకు బీట్‌రూట్ రసం, ఆకుపచ్చకు పాలకూర రసం. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు ఢోకా లేదు.

బజారులో రంగు డబ్బాల్లో అమ్మే ప్లే-డో కూడా మొదట ఆటవస్తువు కాదట. అమెరికాలోని సిన్సినాటిలో 1930లలో గోడకాగితాలకు పట్టిన బొగ్గుమసి తుడవడానికి చేసిన పిండి అది. ఇళ్ళల్లో బొగ్గు కుంపట్లు తగ్గిపోయి గిరాకీ పడిపోతే, కే జూఫాల్ అనే నర్సరీ టీచరమ్మ దాన్ని పిల్లలతో ఆడించి చూసింది. ఆ కంపెనీలోని జో మెక్‌వికర్ ఆమెకు బంధువు. 1956లో అది బొమ్మగా మార్కెట్లోకొచ్చింది. ఆమెకన్నా ముందే మన ఆడపిల్లలు ఈ పని చేస్తున్నారనుకోండి. బతుకమ్మకు ముందు పుట్టమన్ను తెచ్చి, మెట్లు మెట్లుగా మెత్తి బొడ్డెమ్మను చేయడం, మట్టి గురిగిల్లో ఉత్తుత్తి బువ్వ వండడం... మా అక్క బాల్యమంతా అదే.

ఇక అసలు సంగతికొస్తా.

ముద్ద చేతికిచ్చాక పాప దాంతో ఏం చేసింది? పిజ్జాలు చెయ్యలేదు, జంతువులు చెయ్యలేదు. సిరిసిల్ల పోయినప్పుడు మా మామగారు సాంచాల దగ్గరి ఖాళీ కండె ఒకటి ఇచ్చాడు. ఆ ఏడు ఆయన బతుకమ్మ చీరలు నేస్తున్నాడు. ఆ కండెను అప్పడాల కర్రలా వాడి ముద్దను పల్చగా ఒత్తేది. దాన్ని నలుచదరంగా కోసి, అందులో ఇంకో రంగు పొడిపిండి పోసి, చుట్టి, దారం కట్టి, చివర మడిచేది. బీడీలు! ఇరవై అయిదింటికి ఒక కట్ట. అమ్మ చేటకు ఎదురుగా తన చిన్న చేట. మధ్యమధ్యలో "నడుం వడ్తున్నది" అని అచ్చు నానమ్మలా వెనక్కి వాలేది. పిల్లలు చూసిందే ఆడతారు కదా. మేం అందరం నవ్వుకునేవాళ్ళం.

జూలైలో ఒకరోజు సాయంత్రం టీమ్ మీటింగులో ఉన్నా. కెమెరా ఆన్‌లో ఉంది. మా మేనేజరు, ఇంకో పన్నెండు మంది. పాప చేట పట్టుకుని వచ్చేసింది.

"డాడీ, వెయ్యి అయినయ్. లెక్క జూస్కో."

అందరూ నవ్వారు. మేనేజరు ముద్దుగా అడిగాడు, పాప ఏం చేసింది అని.

నేను ఒక్క క్షణం ఆగాను. తర్వాత, "చాక్లెట్ రోల్స్" అన్నాను.

"చాక్లెట్ కాదు డాడీ, బీడీలు!" అంది పాప. తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంకా గట్టిగా నవ్వారు. నేను మైకు ఆపేసి పాపను పక్కకు పంపేశా. తల తిప్పి చూస్తే గుమ్మంలో అమ్మ ఉంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. చాక్లెట్ అనే మాట మాత్రం ఎవరికి తెలీదు?

ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెట్టింది, ఎప్పటిలాగే ఇంకాస్త వేసుకోమంది. మర్నాడు పొద్దున మీటింగుకు ముందు మంచినీళ్ళకని లోపలికి పోతే, వాకిట్లోంచి మాటలు వినబడ్డాయి.

"బీడీలొద్దు బిడ్డా. రొట్టెలు జేద్దాం పా. మీ నాయినకు నామోషైతది."

ఆ మాట విన్నాక ఆ రోజు నేను రాసిన కోడ్ ఒక్క లైను కూడా పనికిరాలేదు.

నేను మర్చిపోయినవి కావు, చెప్పుకోనివి. నా చిన్నప్పుడు బాపు దుబాయిలో ఉండేవాడు, పంపిన డబ్బంతా వీసా కోసం చేసిన అప్పుకే పోయేది. ఇల్లు గడిచింది బీడీలతో. రోజుకు ఏడెనిమిది వందల బీడీలు, అందులో బాగాలేవని కొన్ని తీసేస్తే మిగిలినవాటికే కూలి. బీడీ కార్మికుల సంక్షేమ నిధికి 1976లో చట్టం చేశారు, ఆ నిధి నుంచి వాళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చేవారు. నా ఇంటర్, ఇంజనీరింగ్‌లలో ఆ దరఖాస్తు మీద అమ్మ బీడీ కార్డు నంబరు రాసింది నేనే. ఉద్యోగంలో చేరేటప్పుడు 'తల్లి వృత్తి' అనే గడిలో 'గృహిణి' అని రాసింది కూడా నేనే. అది అబద్ధమని అప్పుడు నాకు తోచనే లేదు.

ఉద్యోగం వచ్చాక "ఇక మానెయ్యమ్మా" అని ఏటా చెప్పాను. అమ్మ ఆరోగ్యం కోసమే అనుకునేవాణ్ణి. అందులో నిజం ఉంది. ఆ పని భుజాలను, కళ్ళను, ఊపిరితిత్తులను తినేస్తుంది. పోనీ బీడీ గొప్పదా అంటే, అది తాగేవాడినీ చంపుతుంది. దాన్ని నేను సమర్థించట్లేదు. కానీ ఆ రోజు తెలిసింది, నా "మానెయ్యమ్మా"లో సగం నా కోసమే అని.

ఆ సాయంత్రం వాకిట్లో అమ్మ పక్కన కూర్చున్నా. ఏం చెప్పాలో తెలీక, పాప డబ్బాలోంచి ముద్ద తీసుకుని ఒక బీడీ చుట్టబోయా. రాలేదు. దారం ఊడిపోయింది. "గట్ల గాదురా, బొటనవేలు కింద వెట్టు" అంది అమ్మ. పదో ప్రయత్నానికి ఒకటి కుదిరింది. "నిన్న అట్ల అన్నందుకు..." అని మొదలుపెట్టబోతే, "ఆకు ఎండుతున్నది, ఆ తడిగుడ్డ ఇటియ్యి" అంది. అంతే. ఆ విషయం మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

వచ్చే సోమవారం మీటింగు చివర్లో, మొన్న పాప చేసినవి బీడీలేనని, మా అమ్మ చేస్తుందని, నేను చదివింది వాటితోనేనని చెప్పా. పెద్ద ఉపన్యాసమేం కాదు, అరనిమిషం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపయ్యాక వరంగల్ కుర్రాడొకడు విడిగా మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా అమ్మ కూడా."

ఇప్పుడు పాపకు ఆ ఆట గుర్తే లేదు, తన లోకం తనది. అమ్మ భుజం నొప్పి ముదిరి రెండేళ్ళ కిందట పని ఆపేసింది. నేను చెప్పినందుకు కాదని ఆమెకు, నాకు, ఇద్దరికీ తెలుసు.

పాప చుట్టిన వాటిలో ఒక కట్ట నా బల్ల మీద, మానిటర్ పక్కనే ఉంది. ఉప్పు పిండి కదా, ఆరాక రాయిలా అయింది. వానాకాలం చెమ్మకు మెత్తబడి చివర్లు రాలుతాయి, ఎండాకాలం మళ్ళీ గట్టిపడతాయి. ఇరవై అయిదింటిలో పందొమ్మిది మిగిలాయి. ఎవరైనా ఇవేంటని అడిగితే బీడీలని చెబుతున్నా.