పొడికి రేటెంత?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి 2020లో డబ్లిన్ వచ్చా. అక్క లండన్‌లో ఉంటుంది. కర్నూలు నుంచి అమ్మ పంపే బుడ్డల పొడి అక్క పోస్టులో వేస్తే నేరుగా ఇంటికొచ్చేది. 2021 జనవరి 1 నుంచి ఈయూకి బ్రిటన్ బయటి దేశం. ఇప్పుడు ప్రతి పార్శిల్‌కూ కస్టమ్స్ ఫారం: ఏముంది, బరువెంత, విలువెంత. గిఫ్ట్ అయితే 45 యూరోల దాకా పన్ను లేదు.

మొన్న అక్క తను కాచిన నెయ్యి కూడా పెట్టి, నిజాయితీగా ఫారంలో రాసింది. పాల పదార్థాలు రానివ్వరు. పొడితో సహా మొత్తం వెనక్కి!

అమ్మకు ఫోన్లో చెప్తే, "మనం తుంగభద్ర దాటితే తెలంగాణే గదరా, ఎవరన్నా డబ్బా తెరిచి చూస్తున్నారా?" అంది.

ఈసారి పొడి ఒక్కటే వచ్చింది. అమ్మ దంచినదానికి అక్క రాసిన విలువ: 5 పౌండ్లు. నాకెందుకో తక్కువనిపించింది.