ఆగిన బండి దగ్గర

యానాదుల ఇళ్లు ఎక్కడుంటాయని అడిగితే చెరువు కట్ట మీదనో, కాలువ గట్టునో, రోడ్డు పోరంబోకులోనో అని చెప్పాలి. పట్టా ఉన్నచోట వేరేవాళ్లు ఉంటారు, లేనిచోట మేముంటాం. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు మా పేటలు చాలావరకు లారీల హోరులోనే పడుకుని, ఆ హోరులోనే లేస్తాయి. ఎలుకల కోసం పొలానికి పోయినా, ఊత తీసుకుని చెరువుకు పోయినా, పిల్లలు బడికి వచ్చినా రోడ్డు దాటక తప్పదు. కాబట్టి రోడ్డు గురించి మాట్లాడే హక్కు బండ్లు ఉన్నవాళ్లకే కాదు, మాకూ ఉంది.

మన రాష్ట్రంలో 108 సేవలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. అంతకు ముందు నొప్పులొచ్చిన ఆడమనిషినైనా, పాము కరిచిన మనిషినైనా మంచం మీద మోసుకుని బస్సు ఆగేచోటికి తెచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోను చేస్తే బండి వస్తుంది. కానీ మా పేట సందులోకి ఆ బండి పట్టదు. రోడ్డు అంచునే ఆగుతుంది. వెనక తలుపులు తీస్తారు, స్ట్రెచర్ దించుతారు, ఈఎంటీ రోడ్డు మీదనే వంగి నాడి చూస్తాడు. బండి పరుగెత్తేటప్పటి ప్రమాదం అందరికీ కనబడుతుంది. బండి నిలబడినప్పటి ప్రమాదం దాని చుట్టూ నిలబడిన వాళ్లకే తెలుసు.

రెండేళ్ల కింద వానాకాలంలో పొద్దుగూకే వేళ, చేపలు పట్టుకుని వస్తున్న మా తాతొకాయనను మోటారు సైకిలు కొట్టింది. కాలు విరిగింది. 108 వచ్చి ఆగింది. నీలం లైటు తిరుగుతూనే ఉంది. అయినా ఒక్క బండీ వేగం తగ్గించలేదు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి ఆడవాళ్ల కొంగులు రోడ్డు మీదికి లేచాయి. ఒక కారు మాత్రం నెమ్మదించింది. అద్దం దించి, సెల్‌ఫోను బయటపెట్టి, వీడియో తీసుకుని పోయింది. దాని వెనక వస్తున్న బస్సు సడన్ బ్రేకు వేసి, ఈఎంటీకి బారెడు దూరంలో పక్కకు తిరిగింది.

పైలట్ మా పిల్లకాయల్ని కేకేశాడు. "ఒరే అబ్బోళ్లా, ఎవరన్నా ఎనక్కి పొయ్యి బండ్లకు చెయ్యి చూపండ్రా!"

"కొమ్మలు ఏద్దామా అన్నా?" అన్నాడొకడు.

కానుగ కొమ్మలు విరిచి వంద అడుగులు వెనక్కి పోయి రోడ్డు వారన పరిచారు. అప్పుడొక తమిళనాడు లారీ వచ్చింది. ఆ డ్రైవరు కొమ్మల్ని చూసి వేగం తగ్గించాడు, ఇండికేటర్లు వేశాడు, అంబులెన్సుకు కొంత వెనకగా లారీని ఆపేశాడు. కిందికి దిగలేదు, ఒక్క మాటా అడగలేదు. తాతను ఎక్కించేదాకా ఆ లారీ మాకు గోడలా నిలబడింది. బండి కదిలాక కొమ్మలన్నీ తీసి పారెయ్యమని పిల్లకాయలకు చెప్పాం. రోడ్డు మీద వదిలేసిన రాళ్లు, కొమ్మలు రాత్రిపూట ఇంకొకరి ప్రాణం తీస్తాయి.

రోడ్డు వారన నిలబడినవాళ్లకు ఏమవుతుందో మా వైపు అందరికీ తెలుసు. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు ఇసుక తవ్వకాల మీద చెప్పుకోవడానికి వచ్చిన మునగలపాళెం జనం మీదికి లారీ దూసుకొచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. అట్లాగని సైరను ఉన్న బండికి జాగ్రత్త అక్కర్లేదనీ కాదు. 2024 డిసెంబరులో చంద్రగిరి మండలం నరసింగాపురం దగ్గర తిరుమలకు నడిచిపోతున్న భక్తులను 108 వాహనమే గుద్దితే ఇద్దరు ఆడవాళ్లు పోయారు. జాగ్రత్త రెండు వైపులా ఉండాలి.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి 194ఇ సెక్షను చేర్చారు. అంబులెన్సో, ఫైరింజనో వస్తుంటే పక్కకు తప్పుకోకపోతే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మంచిదే. అయితే ఆ సెక్షను మాట్లాడేది వస్తున్న బండి గురించి, ఆగి ఉన్న బండి గురించి కాదు. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం 1996లో ఆ రెండో దానికీ చట్టం చేసింది. ప్రమాదస్థలంలో పనిచేస్తున్న ఒక పారామెడిక్‌ను కారు గుద్దిన తర్వాత వచ్చిన చట్టమది. ఆగి ఉన్న అత్యవసర వాహనం కనబడితే ఒక వరుస వదిలి పక్కకు జరగాలి, జరిగే వీలు లేకపోతే వేగం తగ్గించాలి. 2012 నాటికి అక్కడి యాభై రాష్ట్రాలలోనూ ఇట్లాంటి చట్టాలు వచ్చాయి.

ఇంకొక సెక్షను గురించి మా పేటల్లో మరీ మరీ చెప్పాలి. అది 134ఏ. మంచి మనసుతో గాయపడిన మనిషికి సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టరాదు. పేరు చెప్పమని బలవంతం చేయరాదు. ఎరుకల తెగ మొత్తానికి దొంగల ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది గానీ, ఠాణా అంటే భయం మా గిరిజన పేటల్లో ఇంకా రద్దు కాలేదు. "ముట్టుకుంటే మనమీదికే వస్తాది" అని వెనక్కి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాదని చెప్పే బాధ్యత చదువుకున్న మాది.

బడిలో ఈ పాఠాన్ని లెక్కతో చెబుతున్నాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. పిల్లకాయలు టేపు పట్టి ఆవరణలో 22 మీటర్లు కొలిచి, ఆ చివర నిలబడి, "ఒకటి" అనేలోపు ఇంత దూరమా అని నోరు తెరిచారు. డ్రైవరు ఫోను వైపు ఒక్క సెకను చూస్తే అంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే.

బండ్లు నడిపే అన్నలకు, అక్కలకు మేము చెప్పేది కొంచెమే. నీలం లైటో, ఎర్ర లైటో తిరుగుతూ ఆగి ఉంటే దూరం నుంచే వేగం తగ్గించండి. వెనకవాళ్లకు తెలిసేలా ఇండికేటరు వేసి, వీలైనంత అవతలి పక్కగా పోండి. రాత్రయితే లైటు డిమ్ చేయండి, అక్కడ వంగి పనిచేసే మనిషి కళ్లలో కొట్టకుండా. చూడటానికి ఆగొద్దు, సాయం చేయడానికైతే ఆగండి. ఆగినా రోడ్డు దిగి ఆగండి. ఆ తలుపుల దగ్గర తెల్ల కోటు మనిషి ఉంటాడు, పైలట్ ఉంటాడు, ఊతబుట్టతో మావాళ్లూ ఉంటారు. అందరూ ఇంటికి పోవాల్సినవాళ్లే.