చెర్రీ రొయ్య ముక్కు మీది తెల్లని పోగులు

ఇంటి అక్వేరియాల్లో పెంచే చెర్రీ రొయ్యల తల ముందరి ముల్లు మీద తెల్లని పోగుల్లా కదలాడేవి, చాలామంది అనుకున్నట్టు అన్నివేళలా బూజు కావు; అవి తరచుగా స్కుటరియెల్లా జపానికా అనే చదును పురుగులు. ఇవి మొప్పల గదిలో గుడ్లు పెడతాయి కనుక, రొయ్యను గాఢమైన ఉప్పునీటిలో అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ముంచితే పురుగులు రాలిపోయినా గుడ్లు మిగులుతాయి. రొయ్య కుబుసం విడిచినప్పుడు, అంటే పెరుగుదల కోసం పాత పెంకును వదిలినప్పుడు, ఆ గుడ్లు పెంకుతోపాటే తొట్టిలో పడి, అక్కడే చిట్లి పిల్లలు బయటపడతాయి. విడిచిన పెంకును తిని రొయ్యలు కొంత కాల్షియం తిరిగి పొందుతాయన్నది నిజమే గాని, చికిత్స సాగే వారాల్లో దానిని వెంటనే తీసివేయడమే మేలు. కొన్ని చేపల మందుల్లో ఉండే రాగి లవణాలు (సీసా మీది చిన్న అక్షరాలు చదివేవారు అరుదు) పురుగు మాట అటుంచి రొయ్యలనే చంపగలవు.