నొప్పి లేని నల్ల పుండు

వానలు మొదలవగానే నాకు జీవాలు కోసే చేతుల గురించే దిగులు. ఉన్నట్టుండి చచ్చిన మేకను పారేయడానికి మనసొప్పక కోసి పంచుకునే అలవాటు ఇంకా పోలేదు. విశాఖ మన్యంలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, మనుషుల చర్మానికి సోకింది ఎక్కువగా ఇలాగే.

చేతి మీద చిన్న గీత చాలు. ముందు దోమ కుట్టినట్టు దురద, తర్వాత నీటి పొక్కు, ఆపైన నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొప్పి ఉండదు. అందుకే పసరు రాసి ఊరుకుంటారు. వైద్యం అందకపోతే ఐదుగురిలో ఒకరి దాకా చనిపోవచ్చు. త్వరగా ఆసుపత్రికి వెళ్తే మాత్రం యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.

జీవం హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే కోయకండి, తోలు ఒలవకండి. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. కోస్తే ఆ క్రిమి మట్టిలో చేరి ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. రోగం వచ్చిన ఊళ్లలో జీవాలకు ఏటా టీకా వేయించాల్సింది అందుకే.

మేక పోతే పేదింటికి పెద్ద దెబ్బే, కాదనను. కానీ మనిషి ప్రాణం అంతకన్నా పెద్దది. జీవాలున్న మీవాళ్లకి ఈ మాట తప్పక చెప్పండి.