కైంచీ కూర్చోని గోడలు

సోలాపూర్ పూర్వభాగంలో ఏ ఇంటి గోడలు చూసినా ఆ ఇంట్లో డబ్బు ఎప్పుడు ఆడిందో చెప్పేయొచ్చు. రాయీ మట్టీ కలిపి పేర్చిన గోడ తాతల నాటిది. కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపుల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చినవాళ్ళు తలదాచుకోడానికి కట్టుకున్నది. దాన్ని ఆనుకుని ఉన్న ఇటుక గోడ పవర్‌లూమ్ కొన్న ఏడాదిది. సిమెంటు బ్లాకుల గోడ కొడుకు పెళ్ళి కుదిరాక లేచింది. మూడూ మూడు కాలాలవి, ముగ్గురు మేస్త్రీలవి. నాలుగోది కట్టి పైన కప్పు వేయబోతే తెలుస్తుంది, ఏ రెండింటికీ పొత్తు లేదని.

స్లాబు వేస్తే ఈ గొడవ ఉండదు. కాంక్రీటు ఎటు పోస్తే అటు సర్దుకుంటుంది, గోడల వంకర్లన్నీ కడుపులో దాచుకుంటుంది. కైంచీకి ఆ గుణం లేదు. ట్రస్సుని ఇక్కడి వెల్డింగు దుకాణాల్లో కైంచీ అనే అంటారు, రేకుని పత్రా అంటారు. యాంగిల్ ఇనుముతో త్రిభుజంగా బిగించుకుని మరీ వస్తుంది ఆ కైంచీ. ఎదురెదురు గోడలు ఒకే ఎత్తున, ఒకే ఎడంలో ఉంటాయన్న నమ్మకంతో పుట్టింది పాపం. మన గల్లీలోకి వచ్చాక ఆ నమ్మకం పోతుంది.

అసలు తేడా గోడలో కంటే ముందు నోట్లోనే మొదలవుతుంది. ఇంటివాళ్ళు గది వెడల్పు లోపలి నుంచి లోపలికి కొలిచి చెబుతారు, మంచం ఎటు పడుతుందో చూసుకోవాలి కనుక. ఫిట్టరుకి కావలసింది బయటి కొలత. 9 అంగుళాల గోడలు రెండంటే అడుగున్నర. పదహారున్నర అని చెబితే పదహారున్నరకే కైంచీ చేసుకొచ్చి, ఎక్కించబోతే అది రెండు గోడల మధ్య నుంచి దిగబడిన సంగతులు నేను విన్నాను. ఆ రోజు చాయ్ ఎవరు తాగించాలన్నదాని మీద కూడా తగువే.

ఎత్తు సంగతి ఇంకో తీరు. చాదర్ నేసే మగ్గం మీద జకార్డు కూర్చుంటుంది. పువ్వులూ నెమళ్ళూ తీసేది అదే. దానికి చోటు కావాలంటే కార్ఖానా గోడ ఇంటి గోడ కన్నా బాగా పైకి పోవాలి. ఒకప్పుడు పెద్ద మిల్లులకు రంపపు పళ్ళలాంటి కప్పులుండేవి. నిటారు వైపు అద్దాలు ఉత్తరానికి పెట్టి, ఎండ పడకుండా వెలుతురు మాత్రం దారం మీద పడేలా చేసేవారు. 1877లో ఈ ఊళ్ళో జూనీ గిరణి అనే మిల్లు మొదలైన నాటి నుంచి మిల్లుల్లో పని చేసి ఇల్లు చేరిన మనుషులు, తమ ఇంటి కార్ఖానాకు ఎత్తు ఇచ్చారు గానీ వంటగదికి ఇవ్వలేదు. మగ్గానికి దక్కిన గాలి పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి దక్కదు. కొత్త గది ఎప్పుడు వేసినా అటు ఎత్తు గోడ, ఇటు పొట్టి గోడ.

మా చిన్నత్త వాళ్ళు వెనక వేసిన గదికి వెడల్పులోనూ వంకరే. కార్ఖానా వైపు వెడల్పు 18 అడుగులు, అవతలి చివర 17. పొడవు 24. ఒక పక్క గోడ తిన్నగా ఉంది, రెండో పక్క గోడ పోను పోను లోపలికి వచ్చింది. ఆరడుగులకొకటి చొప్పున ఐదు కైంచీలు పడాలి. మిరుగు వానల లోపల పత్రా పడకపోతే బీడీల తునికాకు తడుస్తుందని చిన్నత్తకు దిగులు.

మొదట ఫిట్టరు, కొప్పు నడిమధ్యలో మూడడుగుల ఎత్తునే ఉంచి, ఏ కైంచీకి ఆ వెడల్పు చేసేద్దామన్నాడు. చెప్పడానికి బాగుంటుంది. కానీ వెడల్పు తగ్గి ఎత్తు తగ్గకపోతే వాలు మారుతుంది. ఒక్కో కైంచీ ఒక్కో వాలులో నిలిస్తే పైన పరిచే పత్రా మెలి తిరుగుతుంది. బోల్టు బిగించి బలవంతాన కూర్చోబెట్టినా, అంచు మీద అంచు పడేచోట నోరు తెరుస్తుంది. అన్నీ 18కే చేసి మిగిలింది బయటికి వదిలేద్దామా అంటే అదీ కుదరదు. పై కడ్డీ, కింది కడ్డీ కలిసే కీలు గోడ మీదే కూర్చోవాలి. కీలు గాలిలో ఉండి కడ్డీ నడుము గోడ మీద ఆనితే, బరువంతా ఆ నడుమును వంచుతుంది.

చివరికి ఒక ముసలాయన, రిటైరైన ఫిట్టరు, చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్న చిన్నత్త పక్కన కూర్చుని తేల్చాడు. "వాలు మార్చకు తమ్మీ, గోడ మార్చు" అన్నాడు. తొమ్మిదడుగులకు మూడడుగులంటే అడుగుకి నాలుగు అంగుళాల వాలు. కొప్పుని తిన్నటి గోడకు సమానంగా తొమ్మిదడుగుల దూరాన నడిపించాలి. వంకర గోడ వైపు కైంచీ కైంచీకీ మూడంగుళాలు తగ్గుతుంది. మూడంగుళాలు తగ్గిన చోటల్లా గోడ ఒక అంగుళం లేపితే చాలు. మొదటి దాని కింద ఏమీ లేదు, రెండోదాని కింద ఒకటి, ఆపైన రెండు, మూడు, ఆఖరి దాని కింద నాలుగు. ఇటుక ముక్కలు కుక్కకుండా గోడ పొడవునా కాంక్రీటు బెడ్డు పోయాలి. పై కడ్డీలన్నీ ఒకే పొడవు, ఒకే వాలు. కీలు చోటు మాత్రం మారుతుంది, దాని వెంట కింది కడ్డీ ఆ కొసన కాస్త పైకి లేస్తుంది. సుద్దముక్కతో నంబర్లు వేసుకుంటే సరి. గోడల మట్టం మాత్రం నేల నుంచి కొలవొద్దన్నాడు, నేలే వాలి ఉంది గనుక. సన్న గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలూ రెండు గోడలకు ఆనించి చూశారు.

పత్రాలు 8, 10, 12 అడుగుల్లో దొరుకుతాయి. పదడుగులది వేస్తే వంకర గోడ వైపు చూరు కార్ఖానా దగ్గర 6 అంగుళాలు వచ్చింది, అవతలి చివర అడుగున్నర దాటింది. పక్క సందు వాళ్ళదే కాబట్టి కోయనివ్వలేదు చిన్నత్త. తునికాకు ఆరబెట్టడానికి నీడ దొరికింది. గోడ తప్పంతా చూరులోకి పోయింది. తప్పుని ఎక్కడో ఒకచోట పెట్టక తప్పనప్పుడు, మనిషికి పనికొచ్చే చోట పెట్టడమే పనితనమని నా లెక్క.

అందరికీ ఒకే కొలతతో కట్టిస్తే ఈ బాధ తప్పుతుందా? ఊరి పక్క కుంభారిలో నర్సయ్య ఆడం మాస్తరు నాయకత్వాన బీడీ కార్మిక స్త్రీలు పోరాడి సాధించుకున్న గోదూతాయి పరుళేకర్ కాలనీలో, 2006లో సుమారు 10,000 ఇళ్ళు చేతికొచ్చాయి. అక్కడే రే నగర్‌లో 2024 జనవరి 19న మరో 15,000 ఇళ్ళ తాళాలిచ్చారు. నక్షా ఒక్కటే. అయితే ప్రభుత్వం ఇచ్చేది మొదటి గది కొలతే. రెండో గది కొలత ఇంటికి వచ్చిన కోడలు, పెరిగిన పిల్లలు, మిగిలిన జాగా నిర్ణయిస్తాయి.

ఇక మగ్గం ఉన్న ఇంటికి ఇంకో చిక్కు, అదురు. షటిల్ కొట్టుకున్నంతసేపూ గోడ సన్నగా వణుకుతుంది, నట్లు వదులవుతాయి. అందుకే జే బోల్టు బెజ్జం పత్రా లోయలో కాకుండా వీపు మీద వేస్తారు. వదులైనా నీళ్ళు దిగకుండా పక్కకు జారతాయి. కార్ఖానా గోడకూ కొత్త కప్పుకూ మధ్య అతుకుని మాత్రం సిమెంటుతో పూడ్చలేదు, అదురుకి పగులుతుందని. రేకు వంచి, పై అంచు గోడలోకి దిగ్గొట్టారు.

కైంచీ కాళ్ళని గోడలోని కడ్డీలకు వెల్డింగు చేయకుండా బోల్టులు ఎందుకు పెట్టావని అడిగింది చిన్నత్త.

"ఇంకో రెండేండ్లకు మీ చిన్నోడు స్లాబు ఏస్తనంటడు గదా అక్కా, అప్పుడు ఇవి ఊడదీసి పైన ఎక్కించుకుంటరు" అన్నాడు ఫిట్టరు.

"పైన గోడలైనా తిన్నగ కడ్తరా?"

"అది మేస్త్రీని అడుగు" అని టేపు చుట్టుకున్నాడు.